ఫోమ్ పలకల యుద్ధభూమి: రెండు శతాబ్దాల ప్రశ్న

బల్ల మీద చిన్న సైనికుల బొమ్మలతో యుద్ధాలు ఆడే అభిరుచిలో బొమ్మల గురించి రాసినంతగా నేల గురించి రాయరు. చిక్కంతా నేలతోనే వస్తుంది. ఒకసారి రంగు వేసిన బొమ్మ ఎన్ని యుద్ధాల్లోనైనా నిలబడుతుంది. ఒక ఊరిని, ఒక వాగును, ఒక దిబ్బను ఉన్నదున్నట్టు చేశామా, ఆ నేల ఆ ఒక్క యుద్ధానికే పనికొస్తుంది. అన్ని యుద్ధాలకూ సరిపోయేలా చేస్తే ఏ ఊరి పోలికా రాదు. పైగా ఆట అయ్యాక బొమ్మల్ని డబ్బాలో సర్దేయవచ్చు, ఆరడుగుల నేలను ఎక్కడ సర్దాలి? ఈ రెండు ఇబ్బందులకూ కలిపి దొరికిన జవాబే విడదీసి మళ్లీ వేరే వరసలో కలుపుకునే పలకలు. ఇవాళ వీటిని ఎక్కువగా ఫోమ్‌తో చేస్తున్నారు. ఆ జవాబు ఎంతవరకు నిలిచింది, ఎక్కడ తడబడుతోంది అన్నది చూద్దాం.

ఈ ఆలోచన ఫోమ్ కంటే చాలా పాతది. 1780లో బ్రున్స్‌విక్‌లో హెల్విగ్ అనే ఆచార్యుడు చదరంగాన్ని పెంచి, గళ్లకు రంగులు వేసి, ఒక్కో రంగు ఒక్కో రకం నేల అని చెప్పి యుద్ధక్రీడ తయారు చేశాడు. అందులో నేల చదునుగానే ఉంది. ఎత్తుపల్లాలున్న నేలను ముక్కలు చేసి చూపించినవాడు ప్రష్యాకు చెందిన బారన్ ఫాన్ రైస్విట్జ్. ఆయన మొదట ఇసుకలో ఆట చూపించేవాడు. రాజు మూడో ఫ్రెడరిక్ విల్హెల్మ్ చూడాలనుకునేసరికి, రాజుగారి ముందు ఇసుక పెట్టడం బాగుండదని సమయం అడిగి, 1812లో సొరుగులున్న పెద్ద బల్ల ఒకటి చేయించి తెచ్చాడు. సొరుగుల్లో ప్లాస్టరుతో పోసి రంగులు వేసిన చదరపు ముక్కలు ఉంటాయి: కొండవాలు, నది, రోడ్డు, ఊరు. వాటిని కావలసిన వరసలో పేర్చితే కొత్త నేల తయారవుతుంది. ముక్కల నేలకు ఉండవలసిన లక్షణాలన్నీ, సర్దుకునే సొరుగుతో సహా, ఆ బల్లలోనే ఉన్నాయి.

తర్వాత జరిగింది ఇంకా ముఖ్యం. పన్నెండేళ్లకు, 1824లో, ఆయన కొడుకు ఆటకు కొత్త నియమాలు రాసి, ఆ ముక్కల్ని పక్కన పెట్టేశాడు. వాటి చోట 1:8000 కొలతలో గీసిన సైనిక పటాలు వచ్చాయి. ప్రష్యా సైన్యం శిక్షణకు తీసుకున్నది ఈ పటాల ఆటనే. కారణం తేలికగానే అర్థమవుతుంది. సైనికాధికారికి కావలసింది ఫలానా ఊరి పక్కనున్న ఫలానా గట్టు. ముక్కలతో ఏదో ఒక ఊరు వస్తుంది గాని ఆ ఊరు రాదు. ముక్కల నేల మొదటిసారి ఓడిపోయింది ఇక్కడే. ఇప్పటి ఫోమ్ పలకల మీద వచ్చే విమర్శల్లో బలమైనది కూడా ఇదే, దీన్ని దాటవేసి ఎన్ని మెళకువలు చెప్పుకున్నా లాభం లేదు.

పటం గెలిచాక నేల తిరిగి వచ్చింది ఆటబొమ్మల దారిలో. 1913లో హెచ్.జి. వెల్స్ తన ‘లిటిల్ వార్స్’లో గది నేలనే రణరంగం చేసి, చెక్క దిమ్మలతో ఇళ్లు కట్టి, స్ప్రింగు ఫిరంగులతో బొమ్మల్ని పడగొట్టే ఆట వివరించాడు. 1957లో కాలిఫోర్నియాలో జాక్ స్క్రూబీ ‘వార్ గేమ్ డైజెస్ట్’ పత్రిక మొదలుపెట్టాడు, 1962లో ఇంగ్లండ్‌లో డొనాల్డ్ ఫెదర్‌స్టోన్ ‘వార్ గేమ్స్’ పుస్తకం వచ్చింది. అప్పటికి అందరికీ తెలిసిన గొప్ప సాధనం ఇసుక బల్ల. మన సైన్యంలో ఇప్పటికీ శాండ్ మోడల్ ముందు నిలబడి చర్చించే పద్ధతి ఉంది. ఇసుకలో ఏ ఊరి నేలనైనా చేత్తో తీర్చవచ్చు, అందులో దానికి సాటి లేదు. కాని ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉన్న బల్ల మీద ఐదు సెంటీమీటర్ల మందాన పొడి ఇసుక పోస్తే దాదాపు 180 కిలోలు తూగుతుంది. మామూలు ఇంటి బల్ల అంత బరువు మోయదు. తడి చేస్తే బరువు ఇంకా పెరుగుతుంది, బొమ్మల రంగు పోతుంది. అందుకే ఎక్కువమంది దుప్పటి కింద పుస్తకాలు పెట్టి గుట్టలు చేసుకున్నారు, లేకపోతే ప్లైవుడ్ మీద ఆకుపచ్చ రంగు వేసి, విడి గుట్టలు, విడి చెట్లు పెట్టుకున్నారు. రంగు అద్దిన రంపపు పొట్టే అప్పటి గడ్డి.

ఈ స్థితిని మార్చింది ఇళ్ల గోడలకు, ప్యాకింగుకు పుట్టిన పదార్థం. పాలిస్టైరిన్ ఫోమ్ రెండు రకాలు. పూసలుగా ఉబ్బించి అచ్చులో అతికించినది ఒకటి. జర్మనీలో బీఏఎస్ఎఫ్ సంస్థ దీన్ని స్టైరోపోర్ పేరుతో 1950ల మొదట్లో బజారుకు తెచ్చింది, మన దగ్గర థర్మోకోల్ అని అందరికీ తెలిసిన తెల్ల పలక ఇదే. రెండోది కరిగిన ప్లాస్టిక్‌లోకి వాయువు ఎక్కించి యంత్రంలోంచి పలకగా బయటికి తోసినది. అమెరికాలో డౌ కంపెనీ నీలి రంగులో అమ్ముతూ వచ్చినదీ, ఓవెన్స్ కార్నింగ్ గులాబీ రంగులో అమ్మేదీ ఇదే. దీన్ని పొడి అక్షరాల్లో ఎక్స్‌పీఎస్ అంటారు, మొదటిదాన్ని ఈపీఎస్.

ఈ రెండింటిలో ఏది మేలు అన్న వాదం అభిరుచి గలవారి మధ్య ఎప్పుడూ నడుస్తుంది గాని, నా దృష్టిలో అది తేలిపోయిన విషయం. థర్మోకోల్‌ను బ్లేడుతో కోస్తే పూసలు రాలతాయి, అంచు గరుకుగా వస్తుంది, మోచెయ్యి ఆనితే గుంట పడుతుంది. ఎక్స్‌పీఎస్ లోపల గదులు చిన్నవి, మూసుకుని ఉంటాయి. కోత నున్నగా వస్తుంది, అంచు నిలుస్తుంది, బాల్ పెన్ను మొనతో ఒత్తి గీస్తే రాళ్లు పరిచిన వీధి తయారవుతుంది. అల్యూమినియం రేకును ఉండ చేసి అద్దితే రాతి గరుకుతనం వస్తుంది. బరువు విషయానికొస్తే రెండూ ఇసుకతో పోల్చదగినవి కావు. అరవై సెంటీమీటర్ల చదరం, ఐదు సెంటీమీటర్ల మందం ఉన్న ఎక్స్‌పీఎస్ పలక సుమారు అరకిలో కంటే కొంచెం ఎక్కువ తూగుతుంది, అదే కొలత థర్మోకోల్ పావుకిలో దగ్గర ఆగుతుంది. అయినా థర్మోకోల్‌ను పూర్తిగా కొట్టిపారేయకూడదు. పైన కనిపించని గుట్ట కడుపులో నింపడానికి అది చాలు. మన ఊళ్లలో ఎక్స్‌పీఎస్ స్టేషనరీ దుకాణంలో దొరకదు. డాబా మీద ఎండ తగలకుండా వేసే ఇన్సులేషన్ పలకలు అమ్మేవాళ్ల దగ్గర అడగాలి. పాత శీతల గిడ్డంగులు విప్పేసే చోట మిగిలిన ముక్కలు దొరికితే అదృష్టమే.

కొయ్యడంలో రెండు జాగ్రత్తలు తప్పవు. పాలిస్టైరిన్ దాదాపు నూరు డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది, అందుకే వేడెక్కిన నైక్రోమ్ తీగ దాన్ని వెన్నలా కోస్తుంది. ఆ పొగలో స్టైరిన్ ఉంటుంది. కిటికీలు తెరిచి, ఫ్యాను గాలి బయటికి పోయేలా పెట్టుకుని, తీగ ఎర్రబడేంత వేడి చెయ్యకుండా పని చెయ్యాలి. పాలియురథేన్ ఫోమ్ చూడటానికి దీనిలాగే ఉంటుంది. దాన్ని మాత్రం వేడి తీగతో ఎప్పుడూ కొయ్యకూడదు, దాని పొగ చాలా విషపూరితం. ముక్క ఏ రకమో తెలియకపోతే బ్లేడుతోనే కొయ్యండి. ఇంకో సంగతి: రెండు పలకల్ని ఫెవికాల్‌తో అతికించాక తీగ ఆ జిగురు పొర దగ్గరకొచ్చి ఆగిపోతుంది. కాబట్టి కోత ముందు, అతుకు తర్వాత.

వేడి కంటే రంగు ఎక్కువ పలకల్ని పాడు చేస్తుంది. స్ప్రే డబ్బాల్లోని ద్రావకాలు పాలిస్టైరిన్‌ను తినేస్తాయి, నిమిషాల్లో పలక మీద గుంటలు పడతాయి. ఫెవికాల్‌లో నల్లటి నీటిరంగు కలిపి రెండు పూతలు వేసి, మూలమూలలా మూసుకుపోయాకే మిగతా రంగులు. నీళ్ల కోసం రెజిన్ పోసేవాళ్లు పాలియెస్టర్ రెజిన్ జోలికి వెళ్లకూడదు, అందులోనూ స్టైరిన్ ఉంటుంది కాబట్టి ఫోమ్ కరుగుతుంది. ఎపాక్సీ కరిగించదు గాని ఒకేసారి మందంగా పోస్తే వేడెక్కుతుంది, పలచటి పొరలుగా పొయ్యాలి. వాగు లోతు తక్కువైతే నిగనిగలాడే వార్నిష్ నాలుగు పూతలు చాలు, అంత ఖర్చు అవసరమే లేదు.

ఇక పలక వంగడం గురించి. అందంగా చేసిన ఎన్నో పలకలు ఏడాది తిరక్కుండా మూలకు చేరడానికి ఇదే కారణం. ఫోమ్ మీద ఫెవికాల్, ఇసుక, పుట్టీ పూస్తాం. అందులోని నీళ్లు ఆరుతున్నకొద్దీ ఆ పొర కుంచించుకుపోతుంది. కింద ఫోమ్ మాత్రం కుంచించుకుపోదు. పై పొర లాగుతుంది, అంచులు పైకి లేస్తాయి. మూల మూడు మిల్లీమీటర్లు లేచినా పక్క పలకతో కలిసిన చోట నీడ పడి, ఎంత గడ్డి చల్లినా గీత కనిపిస్తుంది. దీనికి చాలామంది చెప్పే మందు కింద ఎండీఎఫ్ పలక అతికించడం. అది సగం మందే. మూడు మిల్లీమీటర్ల ఎండీఎఫ్ తనే తడి పీల్చి వంగుతుంది. తొమ్మిది మిల్లీమీటర్లది వంగదు గాని ఒక్కో పలకకు దాదాపు రెండున్నర కిలోలు చేరుతుంది, ఫోమ్ తేలిక అనుకున్న లాభమంతా పోతుంది. నాకు సరైనదిగా తోచేది పైన ఎన్ని పూతలు వేస్తే కింద కూడా అన్ని పూతలు వెయ్యడం. లాగుడు రెండు వైపులా సమానమైతే పలక చదునుగా ఉంటుంది. దీనికి ఖర్చు లేదు, ఓపిక కావాలంతే. ఐదు సెంటీమీటర్ల మందం తీసుకోవడం కూడా వంగుడును బాగా తగ్గిస్తుంది. చుట్టూ సన్నటి చెక్క బద్ద బిగించేవాళ్లున్నారు. దెబ్బలు తగలవు, నిజమే, కాని ప్రతి అతుకు దగ్గరా రెండు బద్దలు పక్కపక్కన చేరి నేలను గళ్లుగా చూపిస్తాయి.

మన వాతావరణంలో ఇంకొక లెక్క చూసుకోవాలి. పాలిస్టైరిన్ వేడికి సాగుతుంది. అరవై సెంటీమీటర్ల పలక ఇరవై డిగ్రీల తేడాకు దాదాపు 0.8 మిల్లీమీటర్లు పెరుగుతుంది. మూడు పలకల వరసకు రెండున్నర మిల్లీమీటర్లు. జనవరి ఉదయం బిగుతుగా కొలిచి చట్రంలో కూర్చిన పలకలు మే నెలలో పైకి ఉబుకుతాయి. చట్రంలో కొంచెం సందు వదలాలి.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ పదార్థం సంగతులు, వాటికి మందులున్నాయి. అసలు ప్రశ్న అంచుది. ముక్కల నేల బాగుందా లేదా అన్నది పలక మధ్యలో ఎంత అందంగా చేశామన్న దాని మీద కంటే రెండు పలకలు కలిసే గీత మీద ఆధారపడుతుంది. రెండడుగుల చదరపు పలకలు ఆరు ఉంటే ఆరడుగులు, నాలుగడుగుల బల్ల నిండుతుంది. ఆరూ వేరువేరు, ఒక్కోదాన్ని నాలుగు దిక్కులకూ తిప్పవచ్చు అనుకుంటే, బల్లను అటు నుంచి ఇటు నుంచి చూసే తేడా తీసేశాక కూడా 14,74,560 అమరికలు వస్తాయి. ఈ అంకె చూసి మురిసిపోయే ముందు ఒక షరతు గుర్తుంచుకోవాలి: ప్రతి అంచూ ప్రతి అంచుతో కలిసేలా ఉంటేనే ఆ లెక్క. ఒక పలక అంచు దాకా గుట్ట తెచ్చారంటే ఆ అంచుకు జోడీ ఇంకో గుట్ట అంచే కావాలి, అమరికల సంఖ్య ఒక్కసారిగా బాగా తగ్గిపోతుంది.

గణితంలో దీనికి తోబుట్టువు ఉంది. 1961లో హావో వాంగ్ అంచుల రంగులు కలిసేలా చదరాలు పరిచే సమస్యను ముందుకు తెచ్చాడు. మన పలకను ఆ దృష్టితో చూస్తే విషయం చాలా తేలికవుతుంది. ప్రతి అంచు దగ్గరా వాగు ఉంటుంది లేదా ఉండదు, రెండే స్థితులు. పలకను తిప్పుకోవచ్చు కాబట్టి సరిగ్గా ఆరు రకాల పలకలే సాధ్యం: వాగు లేనిది, ఒక అంచు నుంచి వచ్చి లోపల చెరువులో ఆగేది, నేరుగా దాటేది, మలుపు తిరిగేది, మూడు అంచుల్ని కలిపే సంగమం, నాలుగు అంచులూ కలిసేది. చివరిది వాగుకు అసహజం, రోడ్డుకు మాత్రం కూడలి. ఎన్ని పలకలు చేసినా ఈ ఆరు రకాలకు బయట ఏదీ లేదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఇంతకంటే మంచి ప్రణాళిక నాకు తెలియదు. వట్టి పలకలు ఎక్కువ, నేరుగా వెళ్లేవి రెండు, మలుపులు రెండు, సంగమం ఒకటి చేసుకుంటే చాలు.

వాగు అంచును ఎక్కడ దాటాలి? అంచు మధ్యలోనే. పక్కకు జరిపితే ఇబ్బంది ఉంది. నా పలక అంచులో ఎడమవైపు మూడో వంతులో వాగు బయటికి వస్తే, ఎదురుగా నిలబడ్డ పలకకు అది కుడివైపు అవుతుంది. రెండు పలకలూ ఒకే పద్ధతిలో చేసినవైతే ఎడమ ఎడమను కలవదు. మధ్య బిందువు ఒక్కటే తనను తానే కలుస్తుంది. అయస్కాంతాలు పొదిగేవాళ్లకూ ఇదే సూత్రం. ప్రతి అంచులో బయటి నుంచి చూస్తే ఎడమవైపు ఉత్తర ధ్రువం, కుడివైపు దక్షిణ ధ్రువం వచ్చేలా, మధ్య నుంచి సమాన దూరంలో పెడితే ఏ అంచు ఏ అంచునైనా పట్టుకుంటుంది. అంతా మధ్యలోనే దాటితే నేల గళ్లనోటుబుక్కులా కనిపిస్తుందన్న ఫిర్యాదు ఉంది, న్యాయమైనదే. వాగును పలక లోపల బాగా మెలికలు తిప్పితే కన్ను ఆ క్రమాన్ని పట్టుకోలేదు. షట్కోణపు పలకలు ఈ చతురస్రపు వాసన పోగొడతాయని అమెరికాలో జియో-హెక్స్ ఫోమ్ ముక్కలు, ఇంగ్లండ్‌లో కాలిస్ట్రా వారి పది సెంటీమీటర్ల ప్లాస్టిక్ ముక్కలు వచ్చాయి. కొనేవాళ్లకు అవి బాగానే ఉంటాయి. ఇంట్లో చేతితో షట్కోణాలు తేడా లేకుండా కొయ్యడం మాత్రం చాలా కష్టం.

ఇక్కడే ఈ అభిరుచి మొత్తం మీద నాకున్న పెద్ద ఆక్షేపణ చెప్పాలి. చిన్న రైళ్ల నమూనాలు చేసేవాళ్లు 1970లలోనే కాలిఫోర్నియాలో ఎన్-ట్రాక్ అనే ప్రమాణం పెట్టుకున్నారు. మాడ్యూలు నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, నేల నుంచి నలభై అంగుళాల ఎత్తు, ముందు అంచు నుంచి ఫలానా దూరంలో మూడు పట్టాలు. ఎక్కడెక్కడి వాళ్లో ఎవరింట్లో వాళ్లు చేసుకొచ్చిన ముక్కలు ఒక హాలులో కలిస్తే రైలు ఆగకుండా వెళ్తుంది. యుద్ధక్రీడల వాళ్లు ఇంతవరకు ఇలాంటి ఒప్పందానికి రాలేదు. రైలుకు పట్టా కలవకపోతే బోల్తా పడుతుంది, తప్పు వెంటనే తెలుస్తుంది. సైనికుడి బొమ్మను చేత్తో ఎత్తి సందు దాటించేస్తాం, తప్పు ఎవరికీ తగలదు. ఆ వెసులుబాటే ఒప్పందం పుట్టనివ్వలేదని నా అభిప్రాయం. త్రీడీ ప్రింటింగ్ వచ్చాక చెరసాలలు, గదుల ముక్కలకు ఓపెన్‌లాక్ లాంటి కలిపే పద్ధతులు వాడుకలోకి వచ్చాయి, బయలు నేలకు మాత్రం రాలేదు.

కొలతల్ని కంపెనీలు ఇంకా కలగాపులగం చేశాయి. నాలుగడుగుల వెడల్పు ఊరికే పుట్టలేదు. ఎటువైపు నిలబడినా చెయ్యి రెండడుగులు చాచితే మధ్య దాకా అందుతుంది, ప్లైవుడ్ షీటు కూడా ఎనిమిదికి నాలుగు. అందుకే రెండడుగుల చదరం దశాబ్దాలపాటు నిలిచింది. ఇంగ్లండ్‌లో టోటల్ సిస్టమ్ సీనిక్ అమ్మిన ఫోమ్ పలకలూ, గేమ్స్ వర్క్‌షాప్ అమ్మిన ఆరు ప్లాస్టిక్ పలకల సెట్టూ ఆ కొలతే. 2020లో వార్‌హ్యామర్ 40,000 ఆట తొమ్మిదో కూర్పు మామూలు ఆటకు కనీస బల్ల 44 అంగుళాలకు 60 అంగుళాలని చెప్పింది. రెండడుగుల పలకలతో ఆ కొలత ఏ వరసలోనూ రాదు. పలకలున్నవాళ్లు పెద్ద బల్ల మీద గీత గీసుకుని ఆడుకోవచ్చు గాని, కొత్తవాళ్లు ఏ కొలతకు కొయ్యాలో తెలియక ఆగిపోయారు. నియమాల పుస్తకం మారినప్పుడల్లా నేల కొలత మార్చుకోనక్కర్లేదు. బల్లకు, చేతికి, బీరువాకు సరిపడే కొలతే మన కొలత.

ఈ గందరగోళాన్ని చూసి చాలామంది నియోప్రీన్ చాపల వైపు వెళ్లిపోయారు. బొమ్మ ముద్రించిన గుడ్డ, కింద రెండు మూడు మిల్లీమీటర్ల రబ్బరు. చుట్టి మూల పెట్టవచ్చు, అతుకు గీత ఉండదు, వంగదు. పోటీల్లో అవే వాడుతున్నారు, అక్కడ అవే సరైనవి. కాని చాప మీద అన్నీ పైకే లేస్తాయి, ఏదీ కిందికి దిగదు. వాగు చాప మీద అతికించిన నీలం పట్టీ అవుతుంది, కందకం రెండు గట్ల మధ్య సందు అవుతుంది. ఫోమ్ పలకకు ఉన్న నిజమైన గొప్పతనం లోతు. ఐదు సెంటీమీటర్ల మందంలో రెండున్నర సెంటీమీటర్లు కిందికి తవ్వవచ్చు. ఒక్క ఈ కారణం లేకపోతే నేను కూడా చాపనే సిఫారసు చేసేవాణ్ని. లోతు వాడుకోని ఫోమ్ పలక బరువైన చాప మాత్రమే.

ఎంత లోతు, ఎంత ఎత్తు? మామూలు 28 మిల్లీమీటర్ల బొమ్మ మనిషిలో దాదాపు అరవయ్యో వంతు. ఇరవై మీటర్ల దిబ్బను ఆ లెక్కన చేస్తే 33 సెంటీమీటర్లు కావాలి. పెద్ద యుద్ధాల నియమాల్లో నేల దూరాన్ని ఇంకా బాగా కుదిస్తారు. ఒక మిల్లీమీటరు ఒక మీటరు అనుకుంటే అదే దిబ్బ రెండు సెంటీమీటర్లే. ఆటకు రెండో లెక్కే పనికొస్తుంది, అది ఫోమ్ మందంలో చక్కగా ఒదుగుతుంది. వాలు విషయంలో అందానికీ ఆటకూ పొత్తు కుదరదు. నున్నటి వాలు మీద లోహపు బొమ్మలు జారతాయి, ప్లాస్టిక్ పలకల సెట్టులో కొండల మీద అందరూ పడ్డ బాధ ఇదే. మెట్లు మెట్లుగా చేసిన గుట్ట చూడటానికి కృత్రిమంగా ఉన్నా బొమ్మ కదలకుండా నిలబడుతుంది. నేనైతే మెట్టు వెడల్పుగా ఉంచి, మెట్టు అంచును మాత్రం శాండ్ పేపరుతో వాల్చమంటాను.

ఇక ప్రష్యాలో తలెత్తిన ప్రశ్నకు, ఫలానా ఊరి నేల కావాలన్న దానికి, జవాబు చెప్పాలి. మూడు యుద్ధాలు తీసుకుని చూస్తే తేలుతుంది. వాటర్లూ నేలను నమూనాగా చేసిన విలియం సైబోర్న్ 1830లో లా హే సాంత్ పొలం ఇంట్లో ఎనిమిది నెలలుండి ఆ నేలంతా కొలిచాడు. 1838కి పూర్తయిన ఆయన పెద్ద నమూనా ఇప్పుడు లండన్ నేషనల్ ఆర్మీ మ్యూజియంలో ఉంది. ఆయన కొలిచేనాటికే స్మారకంగా సింహపు దిబ్బ కట్టడానికి యుద్ధభూమి మట్టిని తవ్వేసి గట్టు రూపు మార్చేశారు. అక్కడ కథంతా గట్టు అవతలి వాలులో సైన్యం దాగడంలో ఉంది కాబట్టి ఆ పొడవాటి గట్టు లేకుండా వాటర్లూ ఆడటం వ్యర్థం. మూడు పలకల మీదుగా సాగే గట్టు ముక్కల పద్ధతికి లొంగదు. దానికి ప్రత్యేకంగా చేసిన పలకలే కావాలి.

1803 సెప్టెంబరు 23న నిజాం రాజ్యపు ఉత్తరపు అంచున జరిగిన అస్సాయే యుద్ధం మరోలా ఉంటుంది. కైత్నా, జువా అనే రెండు వాగులు కలిసే చోట, వాటి మధ్య ఇరుకులోకి ఇంగ్లీషు సేనాని వెల్లెస్లీ తన చిన్న సైన్యాన్ని దాటించాడు. ఆ సైన్యంలో మద్రాసు పటాలాల సిపాయిలు చాలామంది, అలాంటి పటాలాల్లో తెలుగు జిల్లాల వాళ్లు పెద్ద సంఖ్యలో ఉండేవారు. రెండు ఒడ్డుల మీదా ఎదురెదురుగా ఊళ్లున్నాయంటే మధ్యలో రేవు ఉండి తీరుతుందని ఆయన ఊహించి దాటాడు. ఈ యుద్ధానికి నేలంటే వాగుల లోతు, గట్ల నిటారు, ఒక్క రేవు. రెండు మలుపుల పలకలు, రెండు నేరు పలకలు, ఒక సంగమం పలక ఉంటే అస్సాయే దాదాపు తయారు. అందులో ఏదీ అస్సాయేకే పరిమితం కాదు, రేపు ఇంకో వాగు ఒడ్డు యుద్ధానికి వాడుకోవచ్చు. ముక్కల పద్ధతి గెలిచే చోటు ఇది.

మూడోది మన ఇంటి పక్కది. 1758 డిసెంబరులో ఇప్పటి కాకినాడ జిల్లా గొల్లప్రోలు దగ్గర చందుర్తిలో కల్నల్ ఫోర్డ్, ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్ తలపడ్డారు. విజయనగరం రాజు ఆనంద గజపతి ఫోర్డ్ పక్షాన ఉన్నాడు. చదునైన నేల. అక్కడ ఫలితాన్ని మలుపు తిప్పింది ఏపుగా పెరిగిన చేను. ఇంగ్లీషు పటాలం ఆ చేను వెనక కనపడకుండా ఉండిపోయింది. ఎర్ర కోట్లు తొడుక్కున్న సిపాయిలనే ఇంగ్లీషువాళ్లనుకుని ఫ్రెంచివాళ్లు ముందుకు తోసుకొచ్చి, పక్క నుంచి దెబ్బ తిన్నారు. దీనికి తవ్వవలసిన పలక ఒక్కటీ లేదు. వట్టి పలకలు, వాటి మీద ఎక్కడంటే అక్కడ పెట్టుకునే చేను ముక్కలు చాలు. తెలుగువాళ్లెవరైనా ఈ అభిరుచిలోకి వస్తే మొదట చందుర్తి చెయ్యమని నేను గట్టిగా చెబుతాను. ఖర్చు తక్కువ, నేల మనది, ఇంగ్లండు పుస్తకాలు చూసి ఆకుపచ్చ గడ్డి పొడి కొనవలసిన పని కూడా లేదు. కోత కోసిన మడి రంగు, గోదావరి మెట్ట మట్టి రంగు మనకు తెలిసినంతగా వాళ్లకు తెలియవు. సంక్రాంతి బొమ్మల కొలువు ముందు ఇసుక పోసి, ఆవాలు మొలకెత్తించి పొలాలు, అద్దం ముక్కతో చెరువు చేసిన చేతులకు ఈ పని కొత్త కాదు. కొండపల్లి కళాకారులు రంపపు పొట్టు, చింతగింజల పిండితో చేసే మక్కు కూడా గరుకు నేలకు పనికొస్తుంది. నీటితో కలిపేది కాబట్టి ఫోమ్‌ను కరిగించదు. ముందు చిన్న ముక్క మీద పూసి ఆరాక ఎంత కుంచించుకుపోతుందో చూసుకోవాలి.

పర్యావరణం మాట ఎత్తకుండా ఈ సమీక్ష ముగించకూడదు. 2022 జులై 1 నుంచి దేశమంతా అలంకరణకు థర్మోకోల్ వాడకాన్ని నిషేధించారు. వినాయక మండపాల వెనక వానకు కొట్టుకుపోయి కాలువల్లో తేలిన తెల్ల పూసలు చూసినవాళ్లెవరూ ఆ నిషేధాన్ని తప్పుపట్టలేరు. ఇరవై ఏళ్లు వాడే పలక, మూడు రోజుల అలంకరణ ఒకటి కాదన్నది నిజమే. అయినా కోతలో రాలిన పొడి, ముక్కలు కాలువలోకి పోతే తేడా ఏమీ ఉండదు. కాబట్టి అభిరుచి కోసం కొత్త థర్మోకోల్ కొనడం ఆపాలి. ఫ్రిజ్జు, టీవీ పెట్టెలతో వచ్చినది గుట్టల కడుపుకు వాడాలి, పలకలకు ఇన్సులేషన్ పనుల్లో మిగిలిన ఎక్స్‌పీఎస్ తేవాలి. పొడిని తడిగుడ్డతో ఎత్తి సంచిలో కట్టాలి, కాల్చనే కూడదు.

మొత్తం చూశాక నా తీర్పు ఇది. పోటీ ఆటకు చాప చాలు. పొడవాటి గట్టు ఉన్న ఒకే ఒక్క యుద్ధాన్ని జీవితమంతా ప్రేమించేవాళ్లు దానికి ప్రత్యేక పలకలు చేసుకోవాలి. మిగతా అందరికీ ఎక్స్‌పీఎస్ పలకలే మేలు, వాటిలో వాగులు, కందకాలు, పల్లపు దారులు తప్ప ఇంకేమీ శాశ్వతంగా చెయ్యకూడదు. ఊళ్లు, చేలు, తోపులు, గుట్టలు అన్నీ విడిగా పైన పెట్టుకోవాలి. అప్పుడు కింది నేల ఏ ఊరిదైనా అవుతుంది, పైన పెట్టినవి దాన్ని ఫలానా ఊరిని చేస్తాయి.

హైదరాబాదులోనో విశాఖలోనో డాలస్‌లోనో నలుగురు తెలుగు ఆటగాళ్లు కలిసి పని మొదలుపెట్టబోతుంటే వాళ్లకు ఒక మనవి. ఫోమ్ కొనే ముందు కాగితం మీద నాలుగు అంకెలు రాసుకుని అందరూ ఒప్పుకోండి: పలక పక్క అరవై సెంటీమీటర్లు, మందం ఐదు, వాగు అంచు మధ్యలో దాటాలి, అక్కడ దాని వెడల్పు ఎనిమిది. ఆ తర్వాత ఎవరింట్లో వాళ్లు తమకు నచ్చిన నేల చెయ్యండి.